పెట్టడం నేర్పిన గురువులు తీయడం ఎందుకు నేర్పలేదు?

ముందే చెప్తున్నాం, పోస్టు పెద్దది. డ్యూటీలో ఉన్న అన్నలు సేవ్ చేసుకుని రూమ్‌కి పోయాక చదవండి. కంప్యూటర్ ముచ్చట మాకెందుకు అనుకునేవాళ్లు కూడా సగం దాకా రండి, ఇందులో పైసల పంచాయితీ ఉంది.

మేం షార్జాలో ఒకే రూమ్‌లో ఏడుగురం. ఇద్దరం ఐటీ సపోర్ట్‌లో, మిగతా ఐదుగురు వేర్‌హౌస్, డ్రైవింగ్, ఎలక్ట్రికల్ పనుల్లో. ఏడుగురికీ కలిపి ఒకటే ల్యాప్‌టాప్. సెకండ్ హ్యాండ్‌ది, విండోస్, 256 జీబీ డిస్కు. వేర్‌హౌస్‌లో పనిచేసే మా చిన్నతమ్ముడు రాత్రిపూట దాని మీదే ఆండ్రాయిడ్ యాప్‌లు చేయడం నేర్చుకుంటున్నాడు. పొద్దంతా స్కానర్ పట్టుకుని డబ్బాలు లెక్కపెడతాడు. ఆ స్కానర్‌లో నడిచేది కూడా ఆండ్రాయిడే. దాన్ని పట్టుకునే పని నుంచి, అందులో నడిచే యాప్ రాసే పనికి పోవాలని వాడి ఆశ. మా అందరి ఆశ కూడా అదే అనుకోండి, ఒక్కడు ఒడ్డెక్కితే మిగతావాళ్లకు చెయ్యి అందిస్తాడని.

వాడు చేసిన మొదటి పనికొచ్చే యాప్ మా రూమ్ మెస్ లెక్కలది. బియ్యం ఎవరు తెచ్చారు, గ్యాస్‌కి ఎవరు ఇచ్చారు, ఎవరు ఎవరి దగ్గర చేబదులు తీసుకున్నారు, ఎప్పుడు తిరిగిచ్చారు, అంతా అందులో. తొమ్మిది నెలల లెక్క. రాసే ఫోన్ ఒకటే, మెస్ చూసుకునే పెద్దన్న దగ్గర ఉండేది. ప్లే స్టోర్ నుంచి వచ్చిన యాప్ కాదు అది. ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి నేరుగా ఫోన్‌లోకి ఎక్కించింది, అంటే డీబగ్ బిల్డ్. సర్వర్ లేదు, క్లౌడ్ లేదు. లెక్కంతా ఆ ఒక్క ఫోన్ లోపలే.

ఇగ ల్యాప్‌టాప్ నిండిపోయింది. సీ డ్రైవ్‌కి ఎర్ర గీత వచ్చింది. ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే పదినిమిషాలు తిరిగి తిరిగి ఆగిపోతోంది. తమ్ముడు అందరూ చేసే పనే చేశాడు, తెలుగులో ఒక వీడియో వెతికాడు. ఐదు నిమిషాల్లో సీ డ్రైవ్ ఖాళీ అని. అందులో ఒకాయన నవ్వుతూ చెప్తాడు: యూజర్ ఫోల్డర్‌లోకి పోండి, డాట్ ఆండ్రాయిడ్, డాట్ గ్రేడిల్, యాప్‌డేటా లోపల ఉన్న ఆండ్రాయిడ్ ఫోల్డర్, వెతికి పట్టుకుని షిఫ్ట్ డిలీట్ కొట్టెయ్యండి ఫ్రెండ్స్, ఏమీ కాదు, మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే అన్నీ వస్తాయి.

కొట్టేశాడు. నలభై జీబీ పైన ఖాళీ అయింది. ఆ రాత్రి రూమ్‌లో చాయ్ పార్టీ.

పది రోజుల తర్వాత యాప్‌లో చిన్న మార్పు చేసి, పెద్దన్న ఫోన్‌కి కేబుల్ పెట్టి రన్ నొక్కాడు. ఒక డబ్బా పైకొచ్చింది. ఫోన్‌లో ఉన్న యాప్ సంతకం, ఈ కొత్తదాని సంతకం కలవడం లేదు, ముందుకు పోవాలంటే పాత యాప్ తీసేయాలి, తీసేస్తే దాని డేటా పోతుంది, ఓకేనా అని. ఇంగ్లీషులో ఉంది. రాత్రి పదకొండున్నర. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చినవాడు. ఓకే నొక్కాడు.

తొమ్మిది నెలల లెక్క పోయింది. ఇప్పుడు డ్రైవర్ అన్న 340 దిర్హమ్‌లు ఇచ్చానంటాడు, ఎలక్ట్రీషియన్ అన్న అవి ఎప్పుడో తిరిగిచ్చేశానంటాడు. ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కారు. ఒకే జిల్లా, ఒకే ఏజెంటు, ఒకే విమానంలో వచ్చినవాళ్లు. మూడు వారాల నుంచి ఒకరు వంటింట్లో ఉంటే ఇంకొకరు బాల్కనీలో తింటున్నారు.

తప్పు తమ్ముడిదే, హెచ్చరిక చదవకుండా నొక్కాడు అంటారా? వాడూ అదే అంటున్నాడు, అన్నం సరిగా తినకుండా అంటున్నాడు. మేం మాత్రం ఒప్పుకోం. ఆ ఓకే చివరి మెట్టు. మొదటి మెట్టు ఆ వీడియో. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఎస్‌డీకేని ఎక్కించడం చదువు అనీ, దించడం చెత్త ఊడ్చే పని అనీ మనవాళ్లలో పాతుకుపోయిన బుద్ధి.

అసలు ఏం జరిగిందో చెప్తాం. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కీ ఒక సంతకం ఉండాలి. నేర్చుకునే దశలో మనం సంతకం గురించి ఆలోచించం కాబట్టి, టూల్సే ఒక తాళంచెవి తయారుచేసి పెట్టుకుంటాయి. దాని పేరు డీబగ్ కీస్టోర్. అది ఉండేది యూజర్ ఫోల్డర్‌లోని డాట్ ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్‌లో. చూస్తే రెండు మూడు కేబీల ఫైల్, ఫోన్‌లో ఒక ఎమోజీ అంత. ఆ ఫోల్డర్‌ని కొట్టేస్తే అదీ పోతుంది. తర్వాతసారి బిల్డ్ చేసినప్పుడు టూల్స్ కిక్కురుమనకుండా కొత్త చెవి చేసుకుంటాయి. కొత్త చెవి పాత తాళానికి పట్టదు. ఫోన్ దృష్టిలో అదే పేరుతో ఎవడో పరాయివాడు తలుపు కొడుతున్నాడు, అందుకే లోపలికి రానివ్వదు. ఫోన్ చేసింది న్యాయమే. గూగుల్ సైన్ ఇన్ పెట్టుకున్న యాప్ అయితే ఇంకో తంటా, పాత చెవి వేలిముద్ర అక్కడ రాయించి ఉంటుంది కాబట్టి లాగిన్ కూడా ఆగిపోతుంది. కారణం తెలియక రెండు రోజులు కోడ్ వెతుక్కుంటూ కూర్చుంటారు.

అంటే మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే అన్నీ వస్తాయి అన్న మాట శుద్ధ తప్పు. ఎస్‌డీకే వస్తుంది. మీది రాదు. ఎస్‌డీకే అంటే వాళ్లు ఇచ్చింది: ప్లాట్‌ఫామ్‌లు, బిల్డ్ టూల్స్, ఎమ్యులేటర్, దానికి కావాల్సిన సిస్టమ్ ఇమేజ్‌లు, ఎన్‌డీకే. వందసార్లు తీసి వందసార్లు దింపుకోవచ్చు. డాట్ ఆండ్రాయిడ్ ఫోల్డర్ అలాంటిది కాదు. అందులో ఉండేది మీ చెవి, మీరు తయారుచేసుకున్న ఎమ్యులేటర్లు, ఫోన్‌తో కుదిరిన నమ్మకం. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనర్ మంచాన్ని బయటపెడుతూ, దాని కింద ఉన్న మన ట్రంకు పెట్టెని కూడా రోడ్డు మీద పడేసినట్టు ఉంది ఈ సలహా.

ఆ వీడియో అన్న పేరు రాయం. ఆయన ఒక్కడి మీద కోపం కాదు. మా ఐటీ సపోర్ట్ ఇద్దరం హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సులు చేసి వచ్చినవాళ్లమే. ఒకే గదిలో వందమందిని కూర్చోబెట్టి, మొదటి రోజంతా ఇన్‌స్టాలేషనే. నెక్స్ట్, నెక్స్ట్, ఐ అగ్రీ, ఫినిష్. జావా ఎక్కడ పెట్టాలి, పాత్‌లో ఏం రాయాలి, నోట్సు రాసుకున్నాం, ఇప్పటికీ దాచుకున్నాం. తీసేయడం గురించి ఆ నోట్సులో ఒక్క లైను లేదు. ఎవరైనా అడిగితే ఒకటే జవాబు, ఫార్మాట్ కొట్టు. ఏమన్నా అయితే ఫార్మాట్ కొట్టు. తలనొప్పి వస్తే తల తీసేయ్ అనే వైద్యం ఇది. ఇంటర్నెట్ కేఫ్ రోజుల్లో, పైరసీ విండోస్ సీడీల కాలంలో చెల్లింది. ఏడుగురి పాస్‌పోర్ట్ కాపీలు, ఇంటి ఫొటోలు, తమ్ముడి ప్రాజెక్టులు ఉన్న ఒకే ఒక్క ల్యాప్‌టాప్ మీద అది చెల్లదు.

తీసేయడానికి సరైన దారి ఉంది. కొత్తదేం కాదు. ఆండ్రాయిడ్ ఎస్‌డీకేలో ఎస్‌డీకేమేనేజర్ అనే కమాండ్ ఉంది, 2017లో పాత ఆండ్రాయిడ్ అనే కమాండ్‌ను పక్కనపెట్టినప్పటి నుంచి ఇదే వాడుక. ఎక్కించేది అదే, దించేదీ అదే. మనవాళ్లు దానితో ఎక్కించడం చూపించి, లైసెన్సులకు వై, వై అని నొక్కడం చూపించి, అక్కడితో వీడియో ముగిస్తారు.

మేం దాన్ని ఆలస్యంగా నేర్చుకున్నాం, నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాం. కమాండ్లు టైప్ చేసేది ఇంగ్లీషులోనే, ఇక్కడ మాత్రం మేం ఒకరికొకరు వాయిస్ మెసేజ్‌లో చెప్పుకునే తీరులో పలికినట్టు రాస్తున్నాం. నైట్ షిఫ్ట్‌లో ఉన్నవాడు చెప్తుంటే రూమ్‌లో ఉన్నవాడు కొట్టాలి కదా.

మొదట ఆగి ఒక పని చేయాలి. డాట్ ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లోకి పోయి డీబగ్ డాట్ కీస్టోర్ ఫైల్‌ని కాపీ చేసి, పెన్‌డ్రైవ్‌లోనో, మీకు మీరే పంపుకున్న ఈమెయిల్‌లోనో పెట్టుకోండి. నిమిషం పని. ఈ ఒక్క నిమిషం ఆ వీడియోలో ఉంటే మా రూమ్‌లో ఇద్దరు మనుషులు ఈపాటికి మాట్లాడుకుంటూ ఉండేవాళ్లు.

తర్వాత క్రమం. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ముందుగా ఆండ్రాయిడ్ స్టూడియోని కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసేస్తారు. స్టూడియో వేరు, ఎస్‌డీకే వేరు. స్టూడియో పోయినా ఎస్‌డీకే ఫోల్డర్ యాప్‌డేటా, లోకల్, ఆండ్రాయిడ్, ఎస్‌డీకే అనే దారిలో అలాగే కూర్చుని ఉంటుంది. యాప్‌డేటా దాచిపెట్టిన ఫోల్డర్ కాబట్టి కంటికి కూడా కనబడదు. దానికో కారణం ఉంది, ఫ్లట్టర్ లాంటి వేరే టూల్స్ కూడా అదే ఎస్‌డీకేని వాడుకుంటాయి. కారణం సరే. కానీ స్టూడియోతోపాటు దాని లోపల ఉన్న జావా కూడా పోతుంది. ఎస్‌డీకేమేనేజర్ నడవాలంటే జావా కావాలి, ఇప్పటివైతే జావా 17 అడుగుతాయి. స్టూడియో తీసేసి ఎస్‌డీకేమేనేజర్ కొడితే జావా హోమ్ సెట్ చేయలేదు, జావా ఎక్కడా దొరకలేదు అని తిడుతుంది. అంటే తీసేయడానికి మళ్లీ ఇంకోటి ఎక్కించుకోవాలి. అందుకే ఎస్‌డీకే సంగతి ముందు, స్టూడియో సంగతి తర్వాత.

ఇంకో తమాషా. మామూలుగా స్టూడియో పెడితే ఈ కమాండ్ లైన్ టూల్స్ వాటంతట అవి రావు. ఎస్‌డీకే మేనేజర్ కిటికీలో ఎస్‌డీకే టూల్స్ అనే చోటుకి పోయి, కమాండ్ లైన్ టూల్స్ లేటెస్ట్ అన్నదానికి టిక్ పెట్టి దింపుకోవాలి. ఫ్లట్టర్ డాక్టర్ కొట్టినవాళ్లకు తెలుసు, అది లేదు అని ఎర్ర గుర్తుతో గోల పెడుతుంది. పాత వీడియోలు చూసి టూల్స్ కింద బిన్‌లో వెతక్కండి. అది పాతది, జావా 8 కాలం నాటిది, కొత్త జావా మీద ఎర్రర్ ఇచ్చి పడిపోతుంది. ఇప్పటిది కమాండ్‌లైన్-టూల్స్, లేటెస్ట్, బిన్ అనే దారిలో ఉంటుంది.

అక్కడ టెర్మినల్ తెరిచి ఎస్‌డీకేమేనేజర్, రెండు హైఫన్లు, లిస్ట్ అండర్‌స్కోర్ ఇన్‌స్టాల్డ్ అని కొట్టండి. అప్పుడు కనబడుతుంది అసలు బండారం. మా ల్యాప్‌టాప్‌లో ముందే ఈ పని చేసి ఉంటే ఏం కనబడేదో తర్వాత ఆఫీసులోని ఇంకో తెలుగాయన మెషీన్ మీద చూశాం. మూడు నాలుగు ఏళ్ల ప్లాట్‌ఫామ్‌లు, ఒకే బిల్డ్ టూల్స్‌కి ఐదారు వెర్షన్లు, ఎప్పుడో ఒక ట్యుటోరియల్ కోసం దింపిన ఎన్‌డీకేలు రెండు, టీవీ కోసం ఒక సిస్టమ్ ఇమేజ్, వాచ్ కోసం ఒకటి. ఆయన దగ్గర స్మార్ట్ వాచ్ లేదు. పేరు, వెర్షన్, ఎక్కడుందో దారి, అన్నీ వరుసగా ఉంటాయి. ఆ లిస్టు చదివితే ఏది మనకు కావాలో, ఏది పెంట కుప్పో మనకే అర్థమవుతుంది.

తీసేయాలంటే ఎస్‌డీకేమేనేజర్, రెండు హైఫన్లు, అన్‌ఇన్‌స్టాల్, ఆ తర్వాత లిస్టులో ఉన్న పేరు ఉన్నదున్నట్టు, డబుల్ కోట్స్ మధ్యలో. కోట్స్ మర్చిపోవద్దు. ఆ పేర్లలో సెమీకోలన్లు ఉంటాయి. లినక్స్, మ్యాక్ షెల్‌కి సెమీకోలన్ అంటే ఇక్కడితో ఒక కమాండ్ అయిపోయింది, తర్వాతది ఇంకోటి అని అర్థం, పేరుని ముక్కలు చేసి పారేస్తుంది. విండోస్‌లోనూ కోట్స్ లేకపోతే ఇబ్బందే. సిస్టమ్ ఇమేజ్‌లు, ఎన్‌డీకేల నుంచి మొదలుపెట్టండి, గిగాబైట్లు ఉండేది అక్కడే. బిల్డ్ టూల్స్ ఒక్కోటీ చిన్నవే.

సిస్టమ్ ఇమేజ్ తీసినంత మాత్రాన దాని మీద తయారుచేసుకున్న ఎమ్యులేటర్ పోదు. అది డాట్ ఆండ్రాయిడ్‌లో ఏవీడీ అనే చోట తన డేటాతో సహా ఉంటుంది, ఒక్కోటీ కొన్ని జీబీలు. దానికి ఏవీడీమేనేజర్ అనే ఇంకో కమాండ్. లిస్ట్ ఏవీడీ అంటే పేర్లు చూపిస్తుంది, డిలీట్ ఏవీడీ, హైఫన్ ఎన్, పేరు అంటే ఆ ఒక్కటే తీస్తుంది. పక్కనే ఉన్న కీస్టోర్ జోలికి పోదు. చూశారా, అదే ఫోల్డర్‌లో ఒక వస్తువుని మాత్రమే తీసే మార్గం ఉండగా మన గురువు ఫోల్డర్ మొత్తాన్ని తగలబెట్టించాడు.

మొత్తంగా ఎస్‌డీకేనే వద్దనుకుంటే, అవును, చివరికి ఫోల్డర్ డిలీట్ చేయాల్సిందే. అప్పుడు కూడా ముందు ఏడీబీ కిల్-సర్వర్ అని కొట్టండి. లేకపోతే ఏడీబీ వెనకాల నడుస్తూ ఉంటుంది, విండోస్ ఆ ఫైల్‌ని వదలదు, సగం పోయి సగం మిగులుతుంది. పాత్‌లో, ఆండ్రాయిడ్ హోమ్‌లో రాసుకున్న పాత దారులు కూడా చెరిపేయండి. లేకపోతే రేపు ఇంకోటి పెట్టినప్పుడు లేని ఇంటికి ఉత్తరాలు పోతూనే ఉంటాయి.

ఇంత చెప్పాక కూడా మాతో వాదించినవాళ్లు ఉన్నారు. ఒక అన్న, దుబాయ్‌లో పెద్ద జీతం, మంచి మనిషే, మాకు ల్యాప్‌టాప్ ఇప్పించిందీ ఆయనే. ఆయన అన్నాడు, ఎస్‌డీకేమేనేజర్ చేసేది కూడా ఆ ఫోల్డర్ డిలీట్ చేయడమే కదరా, దాని కోసం ఇంత రామాయణం ఎందుకు అని. నిజమే అన్నా. ప్యాకేజీ ఫోల్డర్‌నే అది తీసేస్తుంది, లోపల మంత్రమేం లేదు. తేడా ఎక్కడుందంటే, అది ఏది తీస్తుందో ముందు పేరుతో చూపిస్తుంది, మనం పేరు చెప్పిందే తీస్తుంది, తనది కానిదాన్ని ముట్టదు. షిఫ్ట్ డిలీట్‌కి ఆ మూడూ లేవు. కంపెనీలో స్టోర్ రూమ్ ఖాళీ చేయమంటే మనం లిస్టు పట్టుకుని పోతామా, కళ్లు మూసుకుని ట్రక్కులోకి విసురుతామా?

కిటికీలోనే టిక్ తీసేస్తే సరిపోతుంది కదా, కమాండ్ లైన్ ఎందుకు అని ఇంకొకరు. సరిపోతుంది, షో ప్యాకేజ్ డీటెయిల్స్ నొక్కితే అక్కడా వెర్షన్లన్నీ కనబడతాయి. కానీ డిస్కు నిండిన ల్యాప్‌టాప్‌లో స్టూడియో తెరుచుకోదు. తెరుచుకోనప్పుడే కదా తీయాల్సిన అవసరం వచ్చేది. టెర్మినల్ తెరుచుకుంటుంది. ఇంకో సంగతి, స్క్రీన్ ఎక్కడ నొక్కాలో ఫోన్‌లో చెప్పడం నరకం. ఆ ఎడమ పక్క, కాదు కింద, ఆ పళ్లచక్రం బొమ్మ... కమాండ్ అయితే ఒక లైను. వాట్సాప్‌లో పంపితే అటువైపు కాపీ చేసి పెట్టుకుంటారు.

కమాండ్ లైన్ అంటే మనవాళ్లు భయపడతారు అనే మాట ఒకటి ఉంది. ఈ మాట మాకు ఎక్కువ కాలుతుంది. ఎవరు భయపడతారు? అరబీ అక్షరం రాకుండా వచ్చి ఆరు నెలల్లో అరబీలో బేరం చేసేవాళ్లు, మూడు భాషల ఫోర్‌మన్ దగ్గర పని నేర్చుకునేవాళ్లు, నాలుగు పదాల కమాండ్‌కి భయపడతారా? భయం వాళ్లది కాదు, నేర్పేవాళ్ల బద్ధకం. ఎక్కించే వీడియోకి లక్ష వ్యూస్ వస్తాయి, దించే వీడియోకి వెయ్యి రావు. అసలు లెక్క అది. మన పిల్లల భయం మీద నెట్టకండి.

డిస్కు కొనుక్కోండి, స్టోరేజీ చవక అనేవాళ్లకు జవాబు రాయాలనిపించడం లేదు. నెలాఖరున ఇంటికి పంపాక మిగిలేది ఎంతో వాళ్లకూ తెలుసు, ఒకప్పుడు వాళ్లూ ఇలాంటి రూమ్‌లో ఉన్నవాళ్లే.

తీసేశాక జరిగే ఇంకో మోసం కూడా చెప్పాలి, నిజానికి మోసం కాదు, సౌకర్యం అని పెట్టిందే. కష్టపడి పాత ప్లాట్‌ఫామ్ తీసేస్తారు. మర్నాడు పాత ప్రాజెక్టు ఒకటి తెరిచి బిల్డ్ కొడతారు. దానికి ఆ ప్లాట్‌ఫామ్ కావాలి. లైసెన్సుకి ఎప్పుడో వై కొట్టి ఉన్నారు కాబట్టి, గ్రేడిల్ అడక్కుండా మళ్లీ దింపుకుంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచేవాళ్లకు డేటా ప్యాక్ హాంఫట్. దీన్ని ఆపొచ్చు. గ్రేడిల్ డాట్ ప్రాపర్టీస్ ఫైల్‌లో ఆండ్రాయిడ్ డాట్ బిల్డర్ డాట్ ఎస్‌డీకేడౌన్‌లోడ్ ఈక్వల్స్ ఫాల్స్ అని ఒక లైను రాస్తే అది తనంతట తను దింపదు, ఇది లేదు అని చెప్పి ఆగుతుంది. అప్పుడు కావాలో వద్దో మనం నిర్ణయించుకోవచ్చు. ఈ లైను మేం ఒక్క తెలుగు వీడియోలో కూడా వినలేదు.

అన్ని ఎస్‌డీకేలూ ఒకేలా ఉండవు, అదీ నేర్పాల్సిందే. రస్ట్ నేర్చుకునేవాళ్లకు రస్టప్ సెల్ఫ్ అన్‌ఇన్‌స్టాల్ అని ఒకే మాట, ఇల్లు ఊడ్చి తాళం వేసి పోతుంది. డాట్‌నెట్‌లో వెర్షన్లు పక్కపక్కనే పేరుకుంటాయి, డాట్‌నెట్, రెండు హైఫన్లు, లిస్ట్ హైఫన్ ఎస్‌డీకేస్ అంటే చూపిస్తుంది కానీ తీయదు, తీయడానికి విండోస్‌కీ మ్యాక్‌కీ విడిగా ఒక అన్‌ఇన్‌స్టాల్ టూల్ దింపుకోవచ్చు. ఆ టూల్‌లో మాకు నచ్చింది డ్రై రన్, ఏం తీయబోతున్నానో ముందు చెప్పి, ఏమీ తీయకుండా ఆగుతుంది. ఫ్లట్టర్‌కి అన్‌ఇన్‌స్టాల్ కమాండే లేదు, ఫోల్డర్ తీసేయమని వాళ్లే చెప్తారు. అక్కడ ఫోల్డర్ తీయడమే సరైన పద్ధతి. ఎక్కడ ఏది సరైనదో చెప్పేవాడే గురువు, అన్నింటికీ షిఫ్ట్ డిలీట్ అనేవాడు కాదు.

యాప్ ప్లే స్టోర్‌లో పెట్టాలనుకునే తమ్ముళ్లు ఇంకో మెట్టు జాగ్రత్త. అక్కడ సంతకం పెట్టే చెవి డీబగ్‌ది కాదు, మీరు తయారుచేసుకున్నది. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లకు అసలు సంతకం గూగుల్ దగ్గరే ఉంటుంది, మీ దగ్గర ఉండేది అప్‌లోడ్ చెవి, అది పోతే అర్జీ పెట్టుకుని మార్పించుకోవచ్చు. అంతకుముందు పెట్టిన యాప్ అయి, ఆ ఏర్పాటులో చేరకపోతే మాత్రం చెవి పోయిందంటే ఆ యాప్‌కి ఇక అప్‌డేట్ ఉండదు. ఆ చెవిని డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పెట్టుకునేవాళ్లని మేం కళ్లారా చూశాం. డౌన్‌లోడ్స్ కూడా డిలీట్ కొట్టెయ్యండి ఫ్రెండ్స్ అనే వీడియోలకు కొదవ లేదు.

మాకు ఎక్కువ బాధ కలిగించిన సంగతి ఒకటి మిగిలింది. ఆ డబ్బా వచ్చిన రాత్రి, ఓకే నొక్కకముందు, లెక్క ఇంకా ఫోన్‌లోనే ఉంది. అది డీబగ్ బిల్డ్ కాబట్టి ఏడీబీలో రన్-యాజ్ అనే కమాండ్‌తో ఆ యాప్ లోపలికి పోయి డేటాబేస్ ఫైల్ని, దాని పక్కన ఉండే వాల్ ఫైల్‌తో సహా, ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకోవచ్చు. సంతకంతో పని లేదు. క్యాన్సిల్ నొక్కి పడుకుని ఉంటే, మర్నాడు మాలో ఎవరో ఒకరం వెతికి తీసుకునేవాళ్లం. ఇది మాకు తెలిసింది నాలుగు రోజుల తర్వాత. తమ్ముడికి చెప్పాలా వద్దా అని మేం ఇద్దరం ఒక రాత్రంతా ఆలోచించాం. చెప్పాం. వాడు చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత ఆ కమాండ్ ఇంకోసారి చెప్పన్నా, రాసుకుంటా అన్నాడు.

ఆ వీడియో కింద మర్యాదగానే రాశాం. అన్నా, కీస్టోర్ సంగతి ఒక్క మాట పిన్ చేయండి, చాలామంది పిల్లలు చూస్తున్నారు అని. రెండు వారాలైంది. లైక్ కొట్టారు, పిన్ చేయలేదు.

తమ్ముడు ఇప్పుడు యాప్‌లో ఎక్స్‌పోర్ట్ బటన్ పెడుతున్నాడు, వారానికోసారి లెక్క మొత్తం ఫైల్‌గా అందరి వాట్సాప్‌కి పోయేటట్టు. అదయ్యేదాకా పెద్దన్న నోటుబుక్కులో రాస్తున్నాడు. మొదటి పేజీలో 340 అని రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టి ఉంచాడు.